మొదటిసారి తుపాకీ పట్టుకునేవారికి, పట్టించేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తవాళ్లను షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచి తిరిగి తిరిగి ఇవే సందేహాలు వింటున్నాను. సగం మొదటిసారి తుపాకీ పట్టుకోబోయేవాళ్లవి, సగం వాళ్లను వెంటబెట్టుకొచ్చిన స్నేహితులవి, ఇంట్లోవాళ్లవి. అడిగినవాళ్ల మాటల్లోనే వాటిని ఒకచోట చేర్చాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. కొత్తవాళ్లకు ఇబ్బంది కలగకుండా చూడటం మర్యాద కోసం చేసే పని అని చాలామంది అనుకుంటారు. కానీ చెవులు గింగురుమంటూ, భుజం నొప్పెడుతూ, కంగారుపడుతున్న మనిషికి తన చేతిలోని తుపాకీ గొట్టం ఎటు తిరిగి ఉందో గుర్తుండదు. ఆ ఇబ్బంది లేకుండా చూడటం భద్రతలో మొదటి పని.

## బయల్దేరే ముందు

తుపాకీ అంటేనే నాకు గుండె దడ. అయినా రావచ్చా?

రావచ్చు. పేల్చకుండా ఊరికే చూడటానికైనా రావచ్చు. మొదటి అరగంట వెనక కూర్చోండి. ఎవరు ఎక్కడ నిలబడుతున్నారు, చప్పుడు ఎలా ఉంది, ఆగమనగానే అందరూ ఎలా ఆగుతున్నారు, గమనించండి. చాలామందికి తుపాకీ కన్నా ఏం జరగబోతోందో తెలియకపోవడమే ఎక్కువ భయం. కళ్లారా చూశాక అందులో సగం దిగిపోతుంది. చూశాక కూడా వద్దనిపిస్తే వద్దనేయండి, తీసుకొచ్చినవాళ్లు ఎంత బతిమాలినా సరే. నాకు భయమేమీ లేదనేవాళ్ల కన్నా దడగా ఉందని ఒప్పుకునేవాళ్లే చెప్పింది చెప్పినట్టు చేస్తారని నా అనుభవం.

మొదటిసారి చేతికి ఏ తుపాకీ ఇవ్వాలి?

.22 రైఫిల్ (సన్నటి చిన్న తూటా పేల్చేది), లేదా ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో పేలేది). మిగతావన్నీ తర్వాత.

తేడా ఎంతో చూడండి. .22 తూటాలో గుండు బరువు సాధారణంగా 2.6 గ్రాములు. 9 ఎంఎం పిస్టల్‌ది 7.5 నుంచి 8 గ్రాములు. 12 బోర్ షాట్‌గన్ ఒక్క దెబ్బకు 24 నుంచి 28 గ్రాముల చిన్న చిన్న గుండ్లు తోస్తుంది, వేట తూటాలైతే అంతకన్నా ఎక్కువ. ముందుకు ఎంత బరువు ఎంత వేగంగా పోతే వెనక్కి అంత గట్టిగా తన్నుతుంది. .22 రైఫిల్ తన్నినట్టు తెలిసీ తెలియదు. పైగా పొడుగ్గా, కాస్త బరువుగా ఉంటుంది కాబట్టి గొట్టం పక్కకు తిరిగితే వెంటనే కనిపిస్తుంది. పిస్టల్ అలా కాదు. మణికట్టు కాస్త తిరిగితే చాలు, గొట్టం పక్కవాళ్ల వైపు వచ్చేస్తుంది. అందుకే పిస్టల్ రెండో రోజుకు ఉంచమంటాను.

నా చేతిలో మొట్టమొదట పెట్టింది 12 బోర్. ఇచ్చినాయన మాకు బంధువే. ఎలా పట్టుకోవాలో చూపించలేదు. బట్ (తుపాకీ వెనక కొస) భుజానికి అంగుళం ఎడంగా ఉండగానే నొక్కేశాను. పది రోజులు చెయ్యి పైకెత్తలేకపోయాను, నాలుగేళ్లు మళ్లీ తుపాకీ జోలికి వెళ్లలేదు. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వడం ఇంకా గుర్తుంది. కొత్తవాళ్లకు పెద్ద తుపాకీ ఇచ్చి, తూలిపడుతుంటే ఫోన్లో వీడియో తీసేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. అది సరదా కాదు. తూలిన మనిషి వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది, తుపాకీలో ఇంకో తూటా ఉండొచ్చు.

ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెడితే అది అసలు షూటింగే కాదంటున్నారు. నిజమా?

కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. టార్గెట్ మధ్యలో పది పాయింట్లు వచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, కొట్టే పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు, అన్నీ ఇక్కడే కుదురుతాయి. పెద్ద చప్పుడు ఉండదు కాబట్టి పక్కనుంచి చెప్పే మాట వినిపిస్తుంది కూడా. అలాగని బొమ్మలా చూడొద్దు. పెల్లెట్ కంట్లో తగిలితే చూపు పోతుంది. కళ్లద్దాలు, గొట్టం ఎటు తిప్పాలన్న క్రమశిక్షణ దీనికీ అంతే గట్టిగా వర్తిస్తాయి.

మా ఆవిడకు నేనే నేర్పిద్దామనుకుంటున్నాను. సరేనా?

రేంజ్‌లో కోచ్ దొరికితే ఆయనకో, ఆవిడకో అప్పగించండి. బయటివాళ్లు "వేలు తీయండి" అంటే సూచనలా వినిపిస్తుంది. అదే మాట భర్త అంటే విసుక్కున్నట్టు వినిపిస్తుంది. భార్య భర్తకు నేర్పినా ఇదే సంగతి.

మీరే నేర్పాల్సి వస్తే ఆ రోజు మీరు ఒక్క తూటా కూడా పేల్చకండి. మీ తుపాకీ, మీ స్కోరు ఇంట్లో వదిలేసి రండి. ఆమె పక్కన అర అడుగు వెనగ్గా, చెయ్యి చాస్తే గొట్టాన్ని ఆపగలిగేంత దగ్గరగా నిలబడండి. ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. మోచేయి, మెడ, పాదం, ఊపిరి అన్నీ ఒకేసారి చెబితే ఏదీ చేయలేరు.

పిల్లలకు ఏ వయసులో మొదలుపెట్టొచ్చు?

చట్టం దేశానికో రకంగా ఉంటుంది, ముందు అది తెలుసుకోండి. అది ఒప్పుకున్నాక వయసు కన్నా ఒక విషయం చూడండి: ఆడుకుంటుండగా "ఆగు" అంటే ఆ పిల్ల అక్కడికక్కడే ఆగుతుందా? రెండోసారి చెప్పాల్సి వస్తే ఇంకా సమయం రాలేదు. వచ్చాక కూడా ఒక పిల్లకు ఒక పెద్దవాళ్లు, ఆ పెద్దవాళ్లకు వేరే పని ఉండకూడదు. తుపాకీ కొలత కూడా సరిపోవాలి. పెద్దవాళ్ల రైఫిల్ బట్‌ను చంకలో ఇరికించుకుని, మెడ సాగదీసి చూస్తున్న పిల్లాడు ఏదీ సరిగ్గా నేర్చుకోలేడు.

ఏ బట్టలు వేసుకోవాలి?

మెడ వరకు మూసి ఉండే చొక్కా, వేళ్లు కనిపించని బూట్లు, ముందు అంచున్న టోపీ. ఖాళీ తూటా గుల్లలు బయటికి ఎగిరేటప్పుడు బాగా వేడిగా ఉంటాయి. అవి చొక్కా మెడలోకి, కళ్లద్దాల వెనక్కి జారతాయి. టోపీ అంచు కళ్లను కాపాడుతుంది. జుట్టు పొడుగ్గా ఉంటే వెనక్కి ముడేసుకోండి. వేలాడే గొలుసులు, చున్నీ ఆ పూటకు తీసేయండి.

నేను గర్భవతిని. చూడటానికి మాత్రం రావచ్చా?

వద్దు, ముఖ్యంగా నాలుగు గోడల మధ్య ఉండే రేంజ్‌కు. పేల్చినప్పుడు గాల్లో కలిసే సీసం తల్లి రక్తంలోంచి బిడ్డకు చేరుతుంది. చప్పుడు కూడా చేరుతుంది, కడుపులో బిడ్డకు మనం ఇయర్‌మఫ్‌లు పెట్టలేం. ప్రసవం అయ్యాక రండి. పాలిచ్చే రోజుల్లోనూ డాక్టరును అడిగాకే రండి.

ఎవరూ లేని బయలు ఉంది. రేంజ్ ఎందుకు, అక్కడ నేర్చుకుంటే?

చిన్నదైన .22 గుండు కూడా అనుకూలంగా వదిలితే ఒకటిన్నర కిలోమీటరు పైనే వెళ్తుంది. అంత దూరం మీకు కనిపించదు. గట్టి నేలకో, రాయికో, నీళ్లకో తగిలితే దారి మార్చుకుని పోతుంది. రేంజ్‌లో గుండును ఆపడానికే కట్టిన మట్టికట్టో, గోడో ఉంటుంది. కొత్తవాళ్ల గుండు గురి తప్పడం ఖాయం కాబట్టి ఆ కట్ట వాళ్లకే ఎక్కువ అవసరం. చట్టం సంగతి సరేసరి. అనుమతి ఉన్న చోట, అనుమతి ఉన్న తుపాకీతోనే.

## రేంజ్‌లో, తుపాకీ ముట్టుకోకముందు

నియమాలు చాలా చెబుతున్నారు. తప్పకుండా గుర్తుంచుకోవాల్సినవి ఏవి?

నాలుగు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి, ఇప్పుడే ఖాళీ చేసి ఇచ్చినా సరే. దేనికి తగిలితే మీరు భరించలేరో దానివైపు గొట్టం ఎప్పుడూ తిప్పకూడదు. గురి కుదిరి, పేల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. టార్గెట్ వెనక, దాని చుట్టుపక్కల ఏముందో తెలిసే ఉండాలి.

ఇవి ఒకదానికొకటి కాపలా కాస్తాయి. పొరపాటున వేలు పడినా గొట్టం మట్టికట్ట వైపే ఉంటే ఎవరికీ ఏమీ కాదు. మనిషికి గాయం కావాలంటే సాధారణంగా ఒకేసారి రెండు తప్పాలి. కొత్తవాళ్లతో నేను ఈ నాలుగూ చదివించను, చేయిస్తాను. ఖాళీ తుపాకీ బల్ల మీద పెట్టి, తీయమని, దింపమని పదిసార్లు అంటాను. వేలు ఎక్కడ ఉంచాలో చూపించాలి: ట్రిగ్గర్ గార్డుకు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకి) పైన, తుపాకీ పక్కభాగం మీద, చాచి. "వేలు తీసెయ్" అంటే ఎక్కడికి తీయాలో వాళ్లకు తెలియదు. చోటు చూపిస్తే వేలు దానంతట అదే అక్కడికి పోవడం నేర్చుకుంటుంది.

తుపాకీ ఖాళీగా ఉందో లేదో ఎలా చూడాలి?

మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఉండే పిస్టల్ అయితే గొట్టం టార్గెట్ వైపు ఉంచి, వేలు బయట ఉంచి, ముందు మ్యాగజైన్ తీసేయాలి. ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) వెనక్కి లాగి నిలపాలి. ఈ వరస తిరగబడిందంటే ప్రమాదం. మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని (పేలబోయే తూటా కూర్చునే గదిలోని) తూటా బయటికి ఎగురుతుంది, చూసినవాళ్లు ఖాళీ అయిందనుకుంటారు. స్లైడ్ వదలగానే మ్యాగజైన్‌లో పైనున్న తూటా ఛాంబర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. అప్పుడు మ్యాగజైన్ తీసినా లోపల ఒకటి మిగిలే ఉంటుంది.

స్లైడ్ తెరిచి ఉండగా ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. ఒకసారి అటు తిరిగి మళ్లీ చూడండి. తుపాకీ చేతులు మారిన ప్రతిసారీ తీసుకున్నవాళ్లు మళ్లీ చూసుకోవాలి. "నేను చూశాలే" అన్న మాట ఎవరు అన్నా నమ్మొద్దు. దానికి ఎవరూ నొచ్చుకోకూడదు.

సేఫ్టీ వేసి ఉంటే చాలదా?

చాలదు. అది తుపాకీ పేలకుండా ఆపే ఒక చిన్న యంత్రభాగం. అరిగిపోవచ్చు, చేయి తగిలి పక్కకు జరగొచ్చు. చాలా రివాల్వర్లకు, కొన్ని పిస్టల్స్‌కు చేత్తో వేసే సేఫ్టీ మీటే ఉండదు. వేయండి, కానీ దాన్ని నమ్ముకుని గొట్టం ఎటు పడితే అటు తిప్పకండి.

చెవులకు ప్లగ్‌లు, మఫ్‌లు రెండూ ఎందుకు?

ఒక్కసారిగా 140 డెసిబెల్స్ దాటే చప్పుడు చెవికి శాశ్వతంగా హాని చేయగలదు. పిస్టల్స్, పెద్ద రైఫిల్స్, షాట్‌గన్‌లు చాలావరకు 150 పైనే. గోడలున్న రేంజ్‌లో ఆ చప్పుడు తిరిగి వచ్చి మళ్లీ తగులుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. రెండూ పెట్టుకున్నంత మాత్రాన రక్షణ రెట్టింపు కాదు, చప్పుడు తగ్గించే రేటింగ్ ఎక్కువ ఉన్నదానికి దాదాపు 5 డెసిబెల్స్ కలుస్తుందంతే. అయినా కొత్తవాళ్లకు ఆ కాస్తే పెద్ద తేడా, ఎందుకంటే చాలామంది ఉలిక్కిపడేది తన్నుకు కాదు, చప్పుడుకు.

పెట్టుకునే తీరు కూడా ముఖ్యం. స్పాంజి ప్లగ్‌ను వేళ్ల మధ్య పుల్లలా సన్నగా నలపాలి. రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి పట్టాలి. ప్లగ్ లోపలికి దోపి, అది ఉబ్బేదాకా 20, 30 సెకన్లు వేలితో ఒత్తి ఉంచాలి. చెవి బయట సగం వేలాడుతున్న ప్లగ్ ఉన్నా లేనట్టే.

ఓ అమ్మాయి ప్రతి తూటాకూ కళ్లు గట్టిగా మూసుకుంటోంది. కోచ్ గురి గురించి చెబుతూనే ఉన్నారు. దగ్గరికెళ్లి చూస్తే జడ పాయ ఒకటి మఫ్ మెత్త కింద నలిగి ఉంది, కళ్లద్దాల కాడ లావుగా ఉండి మెత్తను ఇంకాస్త పైకి లేపుతోంది. ఆ సందులోంచి చప్పుడంతా లోపలికి పోతోంది. జుట్టు తప్పించి, లోపల ప్లగ్‌లు పెట్టించాం. తర్వాతి ఐదు గుండ్లు అరచేయంత చోట పడ్డాయి.

నాకు చూపు అద్దాలున్నాయి. రక్షణ అద్దాలు మళ్లీ ఎందుకు?

మామూలు అద్దాలకు పక్కలు ఖాళీ. గుల్లలు, వెనక్కి వచ్చే సీసపు తునకలు ఆ పక్కల నుంచే వస్తాయి. చూపు అద్దాల మీదుగా పెట్టుకునే రక్షణ అద్దాలు ఉంటాయి, రేంజ్‌లో అడగండి. చూడటానికి వచ్చినవాళ్లకూ ఇవి తప్పనిసరి.

"సీజ్ ఫైర్" అని ఎవరో అరిస్తే ఏం చేయాలి?

ఆ క్షణానే ఆగాలి. సగం నొక్కిన ట్రిగ్గర్ అయినా వదిలేయాలి. వేలు బయటికి, గొట్టం టార్గెట్ వైపే. రేంజ్ ఆఫీసర్ (రేంజ్‌లో భద్రత చూసే అధికారి) చెప్పినట్టు ఖాళీ చేసి, తెరిచి ఉంచి, బల్ల మీద పెట్టి వెనక్కి జరగాలి. ఆ మాట ఎవరైనా అరవొచ్చు. ఇవాళే మొదటిసారి వచ్చిన మీరు కూడా. టార్గెట్ల దగ్గర మనుషులుండగా బల్ల మీద తుపాకీని ముట్టుకోకూడదు, చూడటానికి కూడా ఎత్తకూడదు.

నేను కుడిచేతి వాటం. కానీ గురి చూస్తే అంతా తికమకగా ఉంది. ఎందుకు?

మీది ఎడమకంటి వాటం కావచ్చు. చేతులకున్నట్టే కళ్లకూ వాటం ఉంటుంది. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉండేలా కలపండి. దూరంగా ఉన్న ఒక వస్తువును రెండు కళ్లతోనూ ఆ సందులోంచి చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉంటే వస్తువు ఆ సందులోనే ఉంటుందో అదే మీ బలమైన కన్ను. పిస్టల్ అయితే తల కాస్త తిప్పితే సరిపోతుంది. రైఫిల్ అయితే ఎడమ భుజానికి మార్చి చూడండి. మొదట వింతగా ఉంటుంది. ఇంకా ఏ అలవాటూ పడనివాళ్లకు ఒక పూటలోనే సర్దుకుంటుంది. మార్చడం ఇబ్బందైతే ఎడమ కంటి అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించండి.

## మొదటి తూటాలు

మొదట ఎన్ని తూటాలు వేసి ఇవ్వాలి?

ఒక్కటి. ముందు ఖాళీ తుపాకీతో గురి, ట్రిగ్గర్ చూపించాక ఒకే ఒక్క తూటా వేసి ఇవ్వండి. పేలాక కొత్తవాళ్లు ఏం చేస్తారో చూడండి. ఆనందంతో తుపాకీ పట్టుకునే వెనక్కి తిరిగేవాళ్లు ఎందరో. అలా తిరిగినా అది ఖాళీ తుపాకీయే అయి ఉంటుంది. మూడు నాలుగు సార్లు గొట్టం ముందుకే ఉంచి కిందికి దింపారంటే రెండు వేయండి, తర్వాత ఐదు. మొదటి రోజు మొత్తం 30 నుంచి 50 చాలు. అలసిన చేతులు కిందికి వాలతాయి, అలసిన బుర్ర నియమాలు మర్చిపోతుంది. ఇంకాసేపు పేల్చాలని వాళ్లకు అనిపిస్తుండగానే ఆపండి.

పిస్టల్ సరిగ్గా ఎలా పట్టుకోవాలి?

కుడిచేతిని పిడి మీద వీలైనంత పైకి పట్టించండి. మిగిలిన ఖాళీని ఎడమ అరచేయి నింపాలి. రెండు బొటనవేళ్లూ ఎడమ పక్కనే, ముందుకు చూస్తూ ఉండాలి. బొటనవేలు ఎట్టి పరిస్థితిలోనూ స్లైడ్ వెనక అడ్డంగా ఉండకూడదు. పేలగానే స్లైడ్ కళ్లు మూసి తెరిచేలోపు వెనక్కొచ్చి వేలిని చీరేస్తుంది. రివాల్వర్ అయితే ఇంకో జాగ్రత్త. సిలిండర్‌కు (తూటాలు ఉండే గుండ్రటి తిరిగే భాగానికి), గొట్టానికి మధ్య సందులోంచి వేడి వాయువు పక్కలకు చిమ్ముతుంది, వేళ్లు అక్కడికి పోకూడదు. నడుం వెనక్కి వంచి నిలబడటం కొత్తవాళ్లందరూ చేస్తారు. ఒక అడుగు కాస్త ముందుకు వేసి, ఛాతీ ముందుకు వాల్చమనండి.

రైఫిల్ బట్ భుజంలో ఎక్కడ ఆనాలి?

మెడపక్క ఎముకకూ భుజం గుండ్రానికీ మధ్య మెత్తని గుంట ఉంటుంది, అక్కడ. చెయ్యి పైకెత్తి వేలితో తడిమితే దొరుకుతుంది. సందు లేకుండా గట్టిగా లోపలికి లాక్కోవాలి. తలను తుపాకీ దగ్గరికి వంచడం కాదు, తుపాకీని చెంప దగ్గరికి తెచ్చుకోవాలి. స్కోప్ (గురి చూసే దుర్బిణి) ఉంటే కన్ను మరీ దగ్గరికి పోనివ్వకండి. సాధారణంగా మూడు నాలుగు అంగుళాల ఎడం కావాలి, లేకపోతే తన్నినప్పుడు స్కోప్ అంచు కనుబొమను చీలుస్తుంది. మొదటిరోజు కూర్చుని, ముందుభాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి పేల్చడమే మంచిది. బరువు మోసే పని పోతే మనసంతా ట్రిగ్గర్ మీద ఉంటుంది.

గురి చూసేటప్పుడు టార్గెట్‌ను చూడాలా, సైట్‌ను చూడాలా?

సైట్‌నే, అందులోనూ గొట్టం కొసన ఉండే ముందు సైట్‌ను (గురి గుర్తును). కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. ముందు సైట్ అంచులు పదునుగా కనిపించాలి, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు. చేయి వణుకుతోందని కంగారుపడకండి, అందరికీ వణుకుతుంది. ఊపిరి వదిలి, సగంలో ఆపి, ఐదారు సెకన్లలో పేల్చండి. అంతలో కుదరకపోతే తుపాకీ దింపి, ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎత్తండి.

గురి బాగానే ఉంది, నొక్కగానే గుండు కిందికి పోతోంది. ఎందుకు?

పేలబోతోందని చేతికి ముందే తెలిసిపోయి, దాన్ని ఎదుర్కోవడానికి కిందికి తోస్తోంది. అనుభవం ఉన్నవాళ్లకూ వస్తుంది. తెలుసుకోవడానికి మంచి దారి ఉంది. మీకు తెలియకుండా పక్కవాళ్లు కొన్ని డమ్మీ (పేలని) తూటాలు కలిపి నింపుతారు. డమ్మీ వచ్చినప్పుడు పేలదు, కానీ గొట్టం గభుక్కున కిందికి దిగుతుంది. అది కళ్లతో చూసినవాళ్లకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

సరిచేయాలంటే ట్రిగ్గర్‌ను గుంజకుండా, వేలి మొదటి కణుపు మెత్తతో కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ పోవాలి. ఏ క్షణాన పేలుతుందో మీకే తెలియకూడదు. అయినా పోకపోతే తుపాకీ పెద్దదైంది, లేదా చెవి రక్షణ చాలడం లేదు. మళ్లీ .22కు రండి. అది వెనకడుగు కాదు.

టార్గెట్ ఎంత దూరంలో పెట్టాలి?

దగ్గరగా, పెద్దదిగా. పిస్టల్‌కు ఐదు నుంచి ఏడు మీటర్లు, ఆనించిన రైఫిల్‌కు 10 నుంచి 25. కాగితం మీద చిల్లు కనిపిస్తేనే ఉత్సాహం ఉంటుంది. ఇనుప టార్గెట్లు మొదటిరోజు వద్దు, దగ్గర్నుంచి కొడితే తునకలు వెనక్కొస్తాయి.

ఒక ఫొటో తీసుకోవచ్చా?

వెనకనుంచి, పక్కనుంచి తీయించుకోండి, మీరు టార్గెట్ వైపే చూస్తుండగా. కెమెరా వైపు తిరిగి తుపాకీ చూపించే ఫొటో వద్దు, ఖాళీదైనా సరే. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తల తిరుగుతుంది, తలతో పాటు భుజాలు, వాటితో పాటు గొట్టం. కాబట్టి పేల్చే లైన్ మీద ఉన్నవాళ్లను వెనకనుంచి పిలవకండి.

## ఏదైనా తేడా జరిగితే

నొక్కాను, పేలలేదు. ఇప్పుడేం చేయాలి?

కదలకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, వేలు బయటికి తీసి, కనీసం 30 సెకన్లు లెక్కపెట్టండి. అరుదుగా తూటాలోని మందు ఆలస్యంగా అంటుకుని పేలుతుంది. కొన్ని రేంజ్‌లలో నిమిషం ఆగమంటారు. తర్వాత రేంజ్ ఆఫీసర్‌ను పిలిచి ఆయన ముందే తూటా తీయించండి. తుపాకీ తిప్పి గొట్టంలోకి తొంగిచూడటం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

"టుప్" అని చిన్న చప్పుడే వచ్చింది, తన్నలేదు. ఇంకోటి పేల్చనా?

వద్దు. మందు చాలక గుండు గొట్టం మధ్యలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం పగిలి చేతులకు, ముఖానికి గాయాలవుతాయి. తుపాకీ ఖాళీ చేసి, గొట్టం చూడమని తెలిసినవాళ్లకు ఇవ్వండి. పక్కన నిలబడి నేర్పేవాళ్లు ఈ చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉండాలి, కొత్తవాళ్లకు మామూలు చప్పుడేదో ఇంకా తెలియదు.

రెండు రకాల తూటాలు ఒకే బల్ల మీద పెట్టుకోవచ్చా?

పెట్టుకోకండి. 20 బోర్ తూటా (బోర్ అంకె పెరిగేకొద్దీ తూటా సన్నం) 12 బోర్ గొట్టంలోకి జారి ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీగా ఉందనుకుని వెనక 12 బోర్ తూటా వేసి పేలిస్తే తుపాకీ పగులుతుంది. 20 బోర్ తూటాలను పసుపు రంగులో చేసేది ఆ పొరపాటు జరగకుండా ఉండటానికే. బల్ల మీద ఒక తుపాకీ, దాని తూటాలు మాత్రమే ఉండాలి.

వేడి గుల్ల చొక్కాలో పడితే?

కాలుతుంది, ఎగరాలనిపిస్తుంది. ఏం చేసినా గొట్టం ముందుకే ఉంచి, వేలు తీసి, తుపాకీ బల్ల మీద పెట్టి, ఆ తర్వాత చొక్కా దులుపుకోండి. మచ్చ నాలుగు రోజుల్లో పోతుంది. ఈ సంగతి పేల్చకముందే చెప్పి ఉంచాలి, ముందే విన్నవాళ్లు కంగారుపడరు.

తుపాకీ చేతిలోంచి జారిపోతే పట్టుకోవాలా?

పడనివ్వండి. గాల్లో పట్టుకోబోతే వేళ్లు దొరికినచోట పడతాయి, అది ట్రిగ్గరే కావచ్చు. ఈ కాలపు తుపాకులు చాలావరకు కింద పడితే పేలకుండా తయారైనవే. పడ్డాక కూడా మీరు తీయకుండా రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.

ఒక్కటి పేల్చగానే ఏడుపొచ్చేసింది. నాకు ఇది సరిపడదా?

అలాగని కాదు. చాలామందికి చేతులు వణుకుతాయి, కొందరికి కళ్లల్లో నీళ్లొస్తాయి. ఒంట్లో ఒక్కసారిగా ఉద్రేకం ఎక్కి దిగుతుందంతే. తుపాకీ పెట్టేసి బయటికెళ్లి కాసిని నీళ్లు తాగండి. ఆ పూట మళ్లీ పేల్చాలనేమీ లేదు. పక్కనున్నవాళ్లకు నా విన్నపం: "ఇంతేగా, ఇంకోటి కొట్టు" అని తొందరపెట్టకండి. వణుకుతున్న చేతికి తుపాకీ తిరిగి ఇవ్వకండి.

నన్ను తీసుకొచ్చినాయనే నియమాలు పట్టించుకోవడం లేదు. పెద్దవాడు, ఎలా చెప్పను?

చెప్పలేకపోతే అక్కడి నుంచి తప్పుకోండి, రేంజ్ ఆఫీసర్‌కు చెప్పండి. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నాయన గొట్టం మీ వైపు తిప్పినా, ఏ అనుభవం లేనివాళ్లు తిప్పినా తగిలేది ఒకేలా తగులుతుంది. మొహమాటానికి ఇది చోటు కాదు.

## పేల్చడం అయ్యాక

చేతులు కడుక్కోమని అంతగా ఎందుకు చెబుతారు?

సీసం వల్ల. తూటా గుండులోనూ, చాలా రకాల తూటాల్లో మందును అంటించే ప్రైమర్‌లోనూ అది ఉంటుంది. చేతులకు, ముఖానికి, బట్టలకు సన్నని పొడిలా అంటుకుంటుంది. రేంజ్‌లో ఏమీ తినకండి, పొగ తాగకండి, గుల్లలు టోపీలో ఏరకండి. అవ్వగానే చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లను ఎత్తుకునే ముందే బట్టలు మార్చుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మంటోంది. మామూలేనా?

చెవి రక్షణ చాలలేదనడానికి అది గుర్తు. ఒకట్రెండు రోజుల్లో తగ్గకపోతే, లేదా వినికిడి మందగించినట్టుంటే డాక్టరుకు చూపించండి. తగ్గినా సరే, ప్లగ్ సరిగ్గా కూర్చుంటుందో లేదో తేలేదాకా మళ్లీ పేల్చకండి.

ఇంట్లో ప్రాక్టీస్ చేయొచ్చా?

తుపాకీ లేకుండా చాలా చేయొచ్చు. నిలబడటం, చేయి చాచి ఉంచడం, ఊపిరి నిలపడం. సొంతంగా, చట్టప్రకారం తుపాకీ ఉన్నవాళ్లు ఖాళీ ట్రిగ్గర్ నొక్కి సాధన చేస్తారు. అప్పుడు ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. .22లు చాలావాటిలో ఖాళీగా నొక్కితే ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) ఛాంబర్ అంచును కొట్టి పాడు చేస్తుంది, డమ్మీ వేసి నొక్కాలి. సాధన అయ్యాక తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో.

మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లాలి?

వాళ్లంతట వాళ్లు అడిగినప్పుడు. మొదటి రోజు టార్గెట్ కాగితం వాళ్లకే ఇచ్చి, తేదీ రాసి దాచుకోమనండి, రెండోసారి వచ్చేటప్పుడు వెంట తెమ్మనండి. కుడిచేతివాళ్ల పిస్టల్ చిల్లులు ఎడమ పక్క కిందికి గుంపుగా ఉంటే ట్రిగ్గర్ గుంజుతున్నారని అర్థం, ఆ రోజు పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. అన్ని వైపులా చెదిరి ఉంటే పట్టు నుంచి. ఏదైనా సరే, రెండో రోజు కూడా మొదట వేసేది ఒక్క తూటాయే.